మన జిల్లాలో ఏ జ్వరం ఎంత ఉందో తెలుసుకునేదెలా? తరచుగా అడిగే ప్రశ్నలు

వానలు మొదలైతే చాలు, నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి వైపు నుంచి నాకు అవే సందేహాలు వస్తుంటాయి. అడిగేవాళ్లలో టీచర్లున్నారు, విలేకరులున్నారు, వార్డు మెంబర్లున్నారు, పిల్లాడికి జ్వరమొచ్చి కంగారుపడే తల్లిదండ్రులున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్నకి జవాబు ఆ ప్రశ్న కిందే ఉంటుంది, మీకు కావలసింది చదువుకుంటే చాలు. ఇవి జబ్బుల పోకడ తెలుసుకోవడానికే. ఒంట్లో బాగోలేకపోతే డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

## మొదలుపెట్టే ముందు

ప్రభుత్వం లెక్కలు ఇస్తూనే ఉంది కదా, వేరే ఆధారాలు ఎందుకు వెతకాలి?

జ్వరం వచ్చిన మనిషి ఎటు పోతాడో చూడండి. మొదటి రోజు మెడికల్ షాపులో మాత్ర. రెండో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది. తగ్గకపోతే మూడో రోజో నాలుగో రోజో నెల్లూరు పొగతోటలో ఏదో ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ పరీక్ష చేసి, ఆ ఫలితాన్ని ఆసుపత్రి పైకి పంపితే అప్పుడది కేసుగా లెక్కలోకి వస్తుంది. పంపకపోతే రాదు. సూళ్లూరుపేట వైపు వాళ్లు చెన్నై పోతారు, గిద్దలూరు, మార్కాపురం వైపు వాళ్లు గుంటూరు దాకా పోతారు. వాళ్ల జబ్బు నమోదయ్యేది ఇంకోచోట.

కాబట్టి ప్రభుత్వ లెక్క అబద్ధమని కాదు, ఆలస్యంగా వస్తుంది, కొంతమందినే చూస్తుంది. బయటి ఆధారాలు ఆ ఆలస్యాన్ని కొంత పూడుస్తాయి. ‘ఇక్కడేదో జరుగుతోంది, వెళ్లి చూడండి’ అని అవి చెప్పగలవు. ఎంతమందికి వచ్చిందో చెప్పలేవు. ఈ తేడా పట్టుకుంటే సగం పొరపాట్లు తప్పుతాయి.

ఏ ఆధారాన్ని నమ్మొచ్చో ఎలా తేల్చుకోవాలి?

నేను చూసేవి నాలుగు విషయాలు. లెక్కపెట్టింది ఎవరు? ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు? ఎప్పటి నుంచి ఒకే పద్ధతిలో లెక్కపెడుతున్నారు? జబ్బు వచ్చిన రోజుకీ, లెక్క బయటికి వచ్చిన రోజుకీ మధ్య ఎన్నాళ్లు?

మూడోదే అన్నిటికంటే ముఖ్యం అంటాను. ఊళ్లో సగం మందినే చూసే ఆధారమైనా సరే, ప్రతి వారం అదే సగాన్ని చూస్తుంటే హెచ్చుతగ్గులు తెలుస్తాయి. ఈ వారం ఊరంతా, వచ్చే వారం రెండు వీధులు చూసే లెక్క ఎంత పెద్దదైనా పోకడ చెప్పలేదు.

ప్రైవేటు వ్యక్తులు, వాలంటీర్లు తయారుచేసే డేటాని నమ్మొచ్చా?

నమ్మొచ్చు, ప్రతి అంకె ఎక్కడి నుంచి తెచ్చారో చూపిస్తే. ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు 2020 మార్చిలో నెల్లూరులోనే బయటపడింది. ఆ తర్వాత దేశమంతా ఎక్కువగా చూసిన లెక్కల్లో ఒకటి కోవిడ్19ఇండియా అనే వెబ్‌సైటు. వాలంటీర్లు రాష్ట్రాల బులెటిన్లు పట్టుకుని జిల్లాలవారీగా అంకెలు ఎక్కించేవాళ్లు, ఏ బులెటిన్ నుంచి తీసుకున్నారో పక్కనే పెట్టేవాళ్లు. 2021 అక్టోబరు 31తో ఆపేస్తామని ముందే చెప్పి ఆపారు. ఎవరైనా అందమైన గ్రాఫ్ పెట్టి ‘మా వర్గాల సమాచారం’ అంటే మాత్రం పక్కన పెట్టేయండి.

జిల్లా అంకె ఒక్కసారిగా తగ్గింది. జబ్బు తగ్గినట్టేనా?

ముందు జిల్లా హద్దు మారిందేమో చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు గూడూరు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వచ్చింది, చీరాల బాపట్లలో కలిసింది. 2021 నెల్లూరునీ 2023 నెల్లూరునీ పక్కపక్కన పెడితే మీరు రెండు వేర్వేరు ప్రాంతాలను పోలుస్తున్నట్టే. ఆ తర్వాత జరిగిన మార్పులకీ ఇదే వర్తిస్తుంది. దొరికితే మండలాలవారీ అంకెలు తీసుకుని, పాత సంవత్సరాలకి కూడా ఒకే మండలాల జాబితాతో కూడుకోండి. కొంచెం ఓపిక కావాలి, కానీ వేరే దారి లేదు.

## ప్రభుత్వ లెక్కలు దొరికే చోట్లు

ఐడీఎస్‌పీ, ఐహెచ్‌ఐపీ అంటుంటారు. అవేంటి, మనం చూడొచ్చా?

ఐడీఎస్‌పీ అంటే దేశవ్యాప్త వ్యాధి నిఘా కార్యక్రమం. 2004లో మొదలైంది. ఇందులో మూడు రకాల ఫారాలుంటాయి. ఏఎన్‌ఎం ఊళ్లో తిరిగి జ్వరం, దగ్గు, విరేచనాలు అని లక్షణాలను బట్టి రాసేది ఎస్ ఫారం. డాక్టరు చూసి ఫలానా జబ్బు అయ్యుండొచ్చని రాసేది పి ఫారం. ల్యాబ్‌లో తేలాక రాసేది ఎల్ ఫారం. 2021 ఏప్రిల్ నుంచి దేశమంతా ఈ నమోదు ఐహెచ్‌ఐపీ అనే ఆన్‌లైన్ వేదిక మీదికి మారింది.

లోపలి వివరాలు సిబ్బందికి మాత్రమే కనిపిస్తాయి. మనకి పనికొచ్చేది ఐడీఎస్‌పీ వెబ్‌సైటులో పెట్టే వారపు అవుట్‌బ్రేక్ (ఒకచోట జబ్బు ఒక్కసారిగా పెరగడం) నివేదికలు. ఏ జిల్లాలో, ఏ జబ్బు, ఎంతమందికి, ఎప్పుడు మొదలైంది, ఏం చర్య తీసుకున్నారు అని ఒక్కో వరుసలో ఉంటుంది. ఆలస్యంగా పెడతారు, కాబట్టి ఇవాళ్టి పరిస్థితికి పనికిరాదు. పాత సంవత్సరాల్లో మన జిల్లాలో ఏ నెలలో ఏది వచ్చేదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి పాత రికార్డు నాకు దొరకలేదు.

ఒక జాగ్రత్త. జిల్లా పేరు అందులో లేదంటే జబ్బు లేదని అర్థం కాదు. నివేదిక పంపలేదని కూడా అయ్యుండొచ్చు.

డెంగీ లెక్క రాష్ట్రానికి దొరుకుతోంది, మా మండలానికి దొరకడం లేదు. ఏం చేయాలి?

రాష్ట్రాలవారీ డెంగీ, మలేరియా, చికున్‌గున్యా అంకెలు దోమల వంటివాటి వల్ల వచ్చే జబ్బులు చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీవీబీడీసీ వెబ్‌సైటులో ఉంటాయి. మండలం కావాలంటే సమాచార హక్కు దరఖాస్తే దారి. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో పౌర సమాచార అధికారి పేరిట పెట్టండి. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకి 30 రోజుల గడువు.

ఏం అడుగుతారన్నదే అసలు విషయం. ‘డెంగీ వివరాలు ఇవ్వండి’ అంటే ఒక్క అంకె వస్తుంది, దాంతో ఏమీ చేయలేం. ఇలా అడగండి: ‘ఫలానా సంవత్సరం జనవరి నుంచి డిసెంబరు వరకు, వారాలవారీగా, మండలాలవారీగా, ఎలైజా పద్ధతిలో పరీక్షించిన నమూనాల సంఖ్య, అందులో పాజిటివ్ వచ్చినవాటి సంఖ్య.’ ఎలైజా అంటే ప్రభుత్వం డెంగీ లెక్కకి తీసుకునే ల్యాబ్ రక్త పరీక్ష. పరీక్షించినవెన్ని అన్న మాట తప్పకుండా ఉండాలి. మనుషుల పేర్లు, చిరునామాలు అడగొద్దు, అడిగినా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా.

టీబీకి?

టీబీ రోగుల నమోదుకి ప్రభుత్వం పెట్టిన నిక్షయ్ అనే ఆన్‌లైన్ వేదిక చూడండి. 2012 నుంచి టీబీ రోగి వివరాలను ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలియజేయడం తప్పనిసరి. అందువల్ల మిగతా జబ్బులతో పోలిస్తే ప్రైవేటు వైపు లెక్క ఇందులో మెరుగ్గా ఉంటుంది. టీబీ నెమ్మదిగా కదిలే జబ్బు, వారం వారం చూడక్కర్లేదు, మూడు నెలలకోసారి చాలు.

పిల్లల విరేచనాలకి మామూలు స్థాయి ఎంతో ఎక్కడ తెలుస్తుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో. 2019–21లో చేసిన ఐదో సర్వేకి జిల్లాలవారీ పత్రాలు ఉన్నాయి. సర్వేకి ముందు రెండు వారాల్లో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎంతమందికి విరేచనాలు పట్టుకున్నాయో అందులో ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి అడిగిన లెక్క కాబట్టి ఆసుపత్రికి రానివాళ్లూ ఉంటారు. పోకడ మాత్రం తెలియదు, ఏళ్లకోసారి చేసే సర్వే అది.

చావుల నమోదుతో ఏమైనా తెలుస్తుందా?

పెద్ద ఉపద్రవం వస్తే తెలుస్తుంది. జనన మరణాలను 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. కారణం సరిగ్గా రాయకపోయినా, మామూలు ఏళ్లలో ఆ నెలలో ఎన్ని నమోదయ్యేవి, ఈ ఏడు ఎన్ని అని పోల్చొచ్చు. 2021లో కోవిడ్ రెండో దశ తీవ్రతని పాత్రికేయులు ఈ పద్ధతిలోనే అంచనా వేశారు, అందులో మన రాష్ట్రం లెక్కలూ ఉన్నాయి. ఒక పల్లెకో వార్డుకో మాత్రం ఇది పనిచేయదు. నెలకి మూడు నాలుగు చావులుండే చోట రెండు ఎక్కువైతే అది యాదృచ్ఛికం కూడా కావచ్చు.

## ఊళ్లోనే దొరికే ఆనవాళ్లు

స్కూలు హాజరుతో జ్వరాలు పసిగట్టొచ్చా?

నా దృష్టిలో పల్లెల్లో అందరి కళ్లెదుటా ఉండి ఎవరూ వాడుకోని ఆధారం ఇదే. హాజరు ప్రతిరోజూ వేస్తారు, ఎన్నో ఏళ్లుగా వేస్తున్నారు, మధ్యాహ్న భోజనానికి ఎంతమంది కూర్చున్నారో కూడా రాస్తారు. మూడు, నాలుగు తరగతుల రిజిస్టరు తెరిచి చూడండి. మామూలు వారంలో రానివాళ్ల గుర్తులు అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా ఉంటాయి. జ్వరం పాకుతున్నప్పుడు ఒకే పేరు ఎదుట వరుసగా నాలుగైదు రోజులు గైర్హాజరు పడుతుంది, రెండు రోజులు తిరక్కుండా పక్క పేరుకీ అలాగే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేర్వేరు తరగతుల్లో ఒకేసారి మానేస్తారు. ఆ గుర్తు ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు.

చూడాల్సింది మొత్తం గైర్హాజరు కాదు, వరుసగా మూడు రోజులకి మించి రానివాళ్లు ఎంతమంది అన్నది. పండగ ముందు, తిరునాళ్లప్పుడు, నాట్లు కోతలప్పుడు, మిరపకాయల కోతకి వలసపోయే కాలంలో పిల్లలు ఎటూ రారు. ఆ వారాలను పక్కన పెట్టాలి. టీచరు ఇంటికి ఫోన్ చేసి ‘ఒంట్లో బాగోలేదా?’ అని అడిగి ‘జ్వరం’, ‘విరేచనాలు’, ‘వేరే’ అని మూడే రకాలుగా రాస్తే చాలు.

మెడికల్ షాపులో అడిగితే తెలుస్తుందా?

తెలుస్తుంది, ప్రశ్న సరిగ్గా ఉంటే. ‘ఈమధ్య జ్వరాలు ఎక్కువున్నాయా అన్నా?’ అని అడిగితే ఎవరైనా ఉన్నాయనే అంటారు. ‘ఓఆర్ఎస్ ప్యాకెట్ల పెట్టె ఎన్నాళ్లకి అయిపోతోంది, పోయిన నెల ఎన్నాళ్లకి అయ్యేది?’ అని అడగండి. దానికి బిల్లు పుస్తకంలోనే జవాబుంటుంది. పారాసిటమాల్ కంటే ఓఆర్ఎస్ నమ్మకమైన గుర్తు, ఎందుకంటే పారాసిటమాల్ ఒళ్లునొప్పులకీ తలనొప్పికీ కూడా కొంటారు. అయితే ఎండాకాలంలో ఓఆర్ఎస్ కూడా వడదెబ్బ భయంతో అమ్ముడవుతుంది, ఏప్రిల్, మే లెక్కని విడిగా చూడాలి. ఒకే షాపుని నమ్ముకోకండి. పక్కన కొత్త షాపు పెడితే చాలు, మీ పోకడంతా తారుమారు అవుతుంది.

ల్యాబ్‌లో కార్డు టెస్టు పాజిటివ్ వచ్చింది, ప్రభుత్వం మాత్రం డెంగీ కాదంటోంది. ఎవరి మాట నిజం?

రెండూ వేర్వేరు కొలతలు. ప్రభుత్వం డెంగీగా లెక్కించేది ఎలైజా పరీక్షలో తేలినవాటినే. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 (వైరస్ ప్రోటీన్), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) చూస్తారు. కార్డు టెస్టు తొందరగా అయిపోతుంది, కానీ తప్పుడు ఫలితాలకి అవకాశం ఎక్కువ. గతంలో డెంగీ వచ్చిపోయినవాళ్లలో కూడా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోవడం ఒక్కటే డెంగీకి రుజువు కాదు, చాలా వైరల్ జ్వరాల్లో, మలేరియాలో కూడా పడిపోతాయి.

పోకడ చూడటానికి మాత్రం కార్డు టెస్టులు పనికొస్తాయి. ఒకే ల్యాబ్‌లో వారానికి ఎన్ని చేశారు, ఎన్ని పాజిటివ్ వచ్చాయి అని వరుసగా రాసుకుంటే అదొక మంచి ఆధారం. వాటిని తీసుకెళ్లి ‘మా మండలంలో ఇన్ని డెంగీ కేసులు’ అని ప్రకటించకండి.

వాన లెక్క చూసి డెంగీ ముందే చెప్పొచ్చా?

ఎప్పుడు అప్రమత్తంగా ఉండాలో చెప్పొచ్చు. వాన నీళ్లు నిలిచాక దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులు. రోగిని కుట్టిన దోమ ఇంకొకరికి అంటించే స్థితికి రావడానికి సుమారు 8 నుంచి 12 రోజులు. కుట్టించుకున్న మనిషికి జ్వరం రావడానికి ఇంకో 4 నుంచి 10 రోజులు. అన్నీ కలిపితే వాన పడ్డ మూడు నాలుగు వారాల తర్వాత తొలి జ్వరాలు, అవి పెరగడానికి ఇంకొన్ని వారాలు.

మన దగ్గర దీన్ని జాగ్రత్తగా వాడాలి. నెల్లూరు వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలే ఇస్తాయి. ప్రకాశంలో రెండు కాలాలూ దాదాపు సమానం. ఆగస్టు, సెప్టెంబరులో రాష్ట్రమంతా డెంగీ అని హడావుడి జరిగి, అక్టోబరులో అందరూ మరిచిపోయే వేళకి మన చెరువులు నిండుతుంటాయి. 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను అలాంటి వేళల్లోనే వచ్చాయి. అందుకే మన గ్రాఫులు జనవరి దాకా గీయాలి.

ఇంకొకటి, డెంగీ దోమకి వాన లేకపోయినా ఫర్వాలేదు. కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చే కనిగిరి, మార్కాపురం లాంటి చోట్ల డ్రమ్ముల్లో నీళ్లు పట్టి దాస్తారు. ఆ డ్రమ్ముల్లోనే అది పెరుగుతుంది. అక్కడ వాన లెక్కతో పాటు ట్యాంకరు ఎన్నాళ్లకోసారి వస్తోందో కూడా రాసుకోండి.

తుఫాను తర్వాత మెడికల్ క్యాంపుల్లో వేలమందిని చూశామంటారు. అది జబ్బు పెరిగినట్టా?

కాదు. క్యాంపు పెడితే బీపీ మాత్రలకోసం, మోకాళ్ల నొప్పులకోసం కూడా వస్తారు. చూసినవాళ్లలో విరేచనాలతో వచ్చినవాళ్లు ఎంతమంది, జ్వరంతో ఎంతమంది అన్న వాటా అడగండి. వరద తర్వాత ముందు కనిపించేవి నీళ్ల విరేచనాలు, రోజుల్లోనే. బురదలో, వరద నీళ్లలో నడిచినవాళ్లకి లెప్టోస్పైరోసిస్ (ఎలుకల వంటి జంతువుల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం) వస్తే ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో బయటపడుతుంది. దోమల జ్వరాలు ఇంకా ఆలస్యం. క్యాంపులన్నీ ఎత్తేశాక వచ్చే జ్వరాలను ఎవరు లెక్కపెడతారన్నదే నాకెప్పుడూ బెంగ.

తాగునీటి పరీక్షలు మనం చూడొచ్చా?

చూడొచ్చు. జల్ జీవన్ మిషన్ వెబ్‌సైటులో గ్రామాలవారీగా నీటి పరీక్షల వివరాలుంటాయి. దానికంటే త్వరగా తెలిసేది ట్యాంకు కింద కుళాయి దగ్గరే. క్లోరిన్ చూసే చుక్కల మందు వేస్తే నీళ్లు పసుపు రంగుకి తిరగాలి. రంగే రాకపోతే క్లోరిన్ లేనట్టు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలన్నది నియమం. మలం కలిసిన నీటిని పట్టుకునే సీసా పరీక్ష ఇంకోటి ఉంది. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు పక్కన పెడితే, కలుషితమైతే సీసా లోపల నల్లగా మారిపోతుంది. ట్యాంకు దగ్గర కాకుండా పైపు చివర ఉండే ఇంటి దగ్గర పట్టండి. లీకేజీ ఉంటే అక్కడే తెలిసేది.

మురుగునీటిలో వైరస్ చూస్తారట, మన దగ్గర కుదురుతుందా?

పద్ధతి గట్టిదే. పోలియో కోసం ముంబయి మురుగునీటిని 2001 నుంచి పరీక్షిస్తున్నారు. కోవిడ్ సమయంలో హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేశారు. పరీక్షకి రాని మనిషి కూడా అందులో లెక్కకి వస్తాడు, అదే దాని బలం. కానీ మూసిన భూగర్భ డ్రైనేజీ, నడిచే శుద్ధి కేంద్రం, ఆ వెనక ల్యాబ్ కావాలి. సెప్టిక్ ట్యాంకులు, తెరిచిన కాలువలు ఉన్న చోట ఎవరి నీళ్లు ఎటు పోతున్నాయో తెలియదు. వాలంటీర్లు చేసే పని కాదిది.

కోళ్లు చనిపోతుంటే మనుషుల జబ్బుల లెక్కలో రాయాలా?

తప్పకుండా రాయండి, పశువైద్యాధికారికి ఆ రోజే చెప్పండి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోతే, భోపాల్ ల్యాబ్‌కి నమూనాలు పంపాక బర్డ్ ఫ్లూ అని తేలింది. మొదటి ఆధారం కోళ్ల చావే, ల్యాబ్ కాగితం తర్వాత వచ్చింది. మనుషులకి ఇది చాలా అరుదుగా సోకుతుంది, కానీ 2025 మార్చిలో నరసరావుపేటకి చెందిన చిన్నపాప హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్‌తో చనిపోయింది. చచ్చిన కోళ్లను చేత్తో ముట్టుకోవద్దు, ఫొటో కోసం కూడా దగ్గరికి పోవద్దు.

## పేపర్లు, ఇంటర్నెట్

పేపర్లో ‘విషజ్వరాలతో మంచం పట్టిన గ్రామం’ అని వస్తుంది. అది ఆధారమేనా?

ఆధారమే, చాలాసార్లు అన్నిటికంటే ముందు వచ్చేదీ అదే. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త, మంచాల మీద దుప్పట్లు కప్పుకున్నవాళ్ల ఫొటో, ఊరి పేరు, మండలం పేరు. విలేకరి ఆ ఊరికి వెళ్లాడు కాబట్టి ఊరి పేరు నిజం, జ్వరాలున్నాయన్నదీ నిజమే అయ్యుంటుంది. అంకె మాత్రం ఎవరో చెప్పింది. జబ్బు పేరు ఇంకా తేలి ఉండదు.

నేను వార్తని కత్తిరించి పెట్టుకునేటప్పుడు తేదీ, ఊరు, లక్షణాలు, రక్త నమూనాలు తీశారా లేదా అన్నవి రాసుకుంటాను. వార్త ఎన్ని పేపర్లలో వచ్చిందన్నది లెక్కపెట్టను, ఒకరిని చూసి ఒకరు రాస్తారు. వార్తలు రాని మండలం ఆరోగ్యంగా ఉందనుకోవద్దు. హైవే మీదున్న ఊరికి విలేకరి త్వరగా చేరతాడు, నల్లమల అంచున ఉన్న గూడేనికి చేరడు.

గూగుల్ ట్రెండ్స్‌లో డెంగీ అని వెతికితే గ్రాఫ్ వస్తోంది. దాన్ని వాడొచ్చా?

రాష్ట్ర స్థాయిలో, తోడుగా మాత్రమే. అక్కడ కనిపించే 0 నుంచి 100 అంకెలు వెతికిన సంఖ్య కాదు. మీరు ఎంచుకున్న కాలంలో అత్యధికంగా వెతికిన రోజుని 100 అనుకుని మిగతావి దానితో పోలుస్తారు. కాలం మారిస్తే అంకెలూ మారతాయి. జిల్లా స్థాయికి దిగితే వెతుకులాటలు తక్కువై సున్నాలే కనిపిస్తాయి.

గూగుల్ సంస్థే ఫ్లూ ట్రెండ్స్ అని 2008లో పెట్టి, వెతుకులాటలతో ఫ్లూని అంచనా వేయబోయింది. 2012–13 సీజన్లో ఉన్నదానికి రెట్టింపుకి పైగా చూపించింది, 2015లో ఆపేశారు. జబ్బు వచ్చినవాళ్లే కాదు, వార్త చూసి భయపడినవాళ్లు కూడా వెతుకుతారు. 2021 మేలో కోవిడ్‌కని ఇచ్చిన కృష్ణపట్నం మందు గురించి దేశమంతా మాట్లాడుకున్న రోజుల్ని గుర్తు చేసుకోండి. అప్పుడు ఆ పేరు వెతికినవాళ్లంతా రోగులు కారు కదా. అందుకే జబ్బు పేరు కంటే ‘ప్లేట్‌లెట్లు పెరగాలంటే ఏం తినాలి’ లాంటి, ఇంట్లో రోగి ఉన్నవాళ్లే ఎక్కువగా అడిగే మాటలు చూడటం మేలు. రోమన్ అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాళ్లు చాలామంది, వాటినీ కలపండి.

వాట్సాప్‌లో వచ్చే ఆడియోలు?

లెక్కలోకి తీసుకోవద్దు. ఊరి పేరు ఉంటే ఆ ఊళ్లో తెలిసినవాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్లు కళ్లారా చూసింది చెబితే, అది ఆ రోజు తేదీతో రాసుకోవాల్సిన విషయం.

ప్రపంచంలో ఎక్కడేం వస్తోందో ముందే తెలిసే చోటుందా?

జబ్బుల వార్తలు పెట్టే ప్రోమెడ్ అనే వెబ్‌సైటు చూడండి. 1994 నుంచి నడుస్తోంది, వుహాన్‌లో అంతుపట్టని న్యుమోనియా గురించి 2019 డిసెంబరు 30నే అందులో వచ్చింది. నిపుణులు చదివి, తమ వ్యాఖ్య రాసి పెడతారు. హెల్త్‌మ్యాప్ 2006 నుంచి వార్తలను పోగుచేసి మ్యాపు మీద చూపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అవుట్‌బ్రేక్ వార్తలు కొంచెం ఆలస్యమైనా తేల్చుకున్నాకే వస్తాయి. గల్ఫ్‌కీ మలేషియాకీ పోయి వచ్చేవాళ్లున్న ఊళ్లకి ఇవి పనికొస్తాయి.

మా అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడి లెక్కలు ఆగిపోతున్నాయంటున్నారు, ఎక్కడ చూడాలి?

2025 జనవరిలో అక్కడి కేంద్ర ఆరోగ్య సంస్థల ప్రకటనలు కొన్నాళ్లు నిలిపేశారు, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వారపత్రిక కూడా ఆ రోజుల్లో ఆగింది. అప్పటి నుంచీ ఈ ప్రశ్న ఎక్కువైంది. అమ్మాయి ఉండే రాష్ట్రం ఆరోగ్య శాఖ వెబ్‌సైటే మొదటి చోటు. అక్కడ కేసులు ముందు చేరేది కౌంటీకి, రాష్ట్రానికి. 2025లో టెక్సాస్ తట్టు లెక్కలు ఆ రాష్ట్రమే క్రమం తప్పకుండా ఇచ్చింది. మురుగునీటి లెక్కలకి వేస్ట్‌వాటర్‌స్కాన్ వెబ్‌సైటు, వార్తలకి మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ల సిడ్రాప్ బాగుంటాయి. మనవలుంటే వాళ్లకి తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయో లేదో కనుక్కోవడం అన్ని గ్రాఫుల కంటే ముందు పని.

## లెక్కలు చూసేటప్పుడు

కేసులు రెట్టింపయ్యాయి. జబ్బు రెట్టింపైనట్టేనా?

పరీక్షలు ఎన్ని చేశారో తెలియకుండా చెప్పలేం. ఉదాహరణకి పోయిన వారం 50 మందిని పరీక్షిస్తే 5 పాజిటివ్, ఈ వారం 200 మందికి చేస్తే 10 అనుకుందాం. కేసులు రెట్టింపు, కానీ పాజిటివ్ వాటా నూటికి 10 నుంచి నూటికి 5కి పడిపోయింది. పేపర్లో ఒక చావు వార్త రాగానే అందరూ పరీక్షకి పోతారు, డాక్టర్లు కూడా ఎక్కువ రాస్తారు. స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. వెతకనంత కాలం అది ఉత్త జ్వరమే, కిట్లు రాగానే కేసులే కేసులు.

ప్రతిసారీ చివరి వారం తగ్గినట్టే కనిపిస్తుంది. ఎందుకు?

ఆ వారం రిపోర్టులు ఇంకా చేరలేదు కాబట్టి. చివరి రెండు వారాలను గ్రాఫులో చుక్కల గీతతో చూపండి, వాటిని బట్టి తగ్గిందని చెప్పకండి.

మామూలు కంటే ఎక్కువ అని ఎప్పుడు అనాలి?

గత ఐదేళ్లలో అదే వారానికి, దాని ముందు వెనక వారాలకి ఉన్న అంకెలు తీసి, చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పేర్చి, మధ్యలో ఉండే విలువ చూడండి. సగటు తీస్తే ఒక చెడ్డ ఏడాది మొత్తం పైకి లాగేస్తుంది. 2020, 2021 కలపొద్దు, ఆ రెండేళ్లూ జనం ఆసుపత్రికి వెళ్లిన తీరే వేరు. ఐదేళ్ల లెక్క లేకపోతే ‘మామూలు కంటే ఎక్కువ’ అనకుండా ‘పోయిన నాలుగు వారాల కంటే ఎక్కువ’ అని మాత్రమే అనండి.

మెడికల్ షాపు పెరిగిందంటోంది, పీహెచ్‌సీ ఓపీ తగ్గిందంటోంది. ఏది తీసుకోవాలి?

ఏదో ఒకటి ఎంచుకోవాలని తొందరపడొద్దు. ఆ తేడాలోనే విషయం ఉండొచ్చు. పీహెచ్‌సీ డాక్టరు సెలవులో ఉంటే ఓపీ తగ్గుతుంది, ఆ జనమే షాపుకి పోతారు. మూడో ఆధారం చూడండి, స్కూలు హాజరు లాంటిది, మొదటి రెండిటితో సంబంధం లేనిది. ఒకే వార్త చూసి పెరిగిన గూగుల్ గ్రాఫ్, అదే వార్త చూసి పెరిగిన పరీక్షల సంఖ్య రెండు ఆధారాలు కావు.

## తెలిసింది చెప్పేటప్పుడు

పేర్లు లేకుండా పెడితే చాలా?

చిన్న ఊళ్లో చాలదు. ‘ఫలానా వీధి, 34 ఏళ్ల మహిళ’ అంటే ఊరంతా ఎవరో చెప్పేస్తుంది. ఐదుగురికి తక్కువ ఉన్న అంకెని ‘ఐదులోపు’ అని రాయండి, వీధి వదిలేసి ఊరో మండలమో చెప్పండి. హెచ్‌ఐవీ విషయంలో ఊరి స్థాయి అంకె కూడా వద్దు, 2017 చట్టం ప్రకారం ఆ గోప్యత కాపాడటం తప్పనిసరి. కోవిడ్ పేరుతో ఒక ఇంటిని వెలేసినంత పని జరగడం మనం 2020లో చూశాం.

ఊళ్లో ఏదో తేడాగా ఉందనిపిస్తే ముందు ఎవరికి చెప్పాలి?

ఆశా కార్యకర్తకి లేదా ఏఎన్‌ఎం‌కి, అదే రోజు పీహెచ్‌సీ వైద్యాధికారికి. రెండు రోజుల్లో ఎవరూ రాకపోతే జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో జిల్లా సర్వైలెన్స్ అధికారికి కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పోస్టు పెట్టడం ఆ తర్వాత సంగతి.

కాగితంలో అభిప్రాయాలు వద్దు. ఊరు, వాడ, మొదటి మనిషికి ఎప్పుడు మొదలైంది, ఇప్పటికి ఎన్ని ఇళ్లలో ఎంతమంది, ఏ వయసువాళ్లు ఎక్కువ, లక్షణాలేంటి, ఎవరైనా ఆసుపత్రిలో చేరారా, అందరూ ఏ నీళ్లు తాగుతున్నారు, ఈమధ్య ఊళ్లో పెళ్లో జాతరో జరిగి అందరూ ఒకచోట భోజనం చేశారా. ‘డెంగీ వచ్చింది’ అని రాయకుండా ‘మూడిళ్లలో ఏడుగురికి జ్వరం, కీళ్లనొప్పులు, ఈ సోమవారం నుంచి’ అని రాస్తే వచ్చే బృందం సరైన కిట్లు తెచ్చుకుంటుంది. రక్త నమూనాలు తీసుకెళ్లాక ఫలితం ఎప్పుడొస్తుందో తేదీ అడిగి రాసుకోండి, ఆ తేదీన ఫోన్ చేయండి.